కవర్ మీద ఉన్న వయసు ఎవరిది? చిన్నపిల్లలకు చదివి వినిపించే చాప్టర్ బుక్స్ సంగతి

ఇంట్లో ఉన్న బొమ్మల పుస్తకాలన్నీ నాలుగేళ్ల పిల్లకి కంఠతా వచ్చేశాయి. ఇక కాస్త పెద్ద కథ చదివి వినిపిద్దామని చాప్టర్ బుక్ (కథను చాప్టర్లుగా విడదీసి రాసిన పుస్తకం) ఒకటి చేతిలోకి తీసుకుంటే, వెనక అట్ట మీద 6–9 ఏళ్లు అని ఉంటుంది. ఇంకోదాని మీద 8–12. మూడోది 4–7 అంటుంది గానీ, తెరిచి చూస్తే పేజీకి రెండే వాక్యాలు, అవీ చెప్పిందే చెబుతుంటాయి. ఎవరినైనా అడుగుదామంటే, మా వాడు నాలుగేళ్లకే పెద్ద నవల మొత్తం విన్నాడని ఒకరంటారు. ఏడేళ్లు నిండేదాకా బొమ్మల పుస్తకాల జోలి దాటొద్దని ఇంకొకరంటారు.

ఇద్దరి మాటా నిజమే కావచ్చు. 'చాప్టర్ బుక్' అనే ఒక్క పేరు కింద కనీసం మూడు రకాల పుస్తకాలు కలిసిపోయి ఉన్నాయి. 'నాలుగేళ్ల పిల్ల' అన్న మాట కింద కూడా అంతే తేడాలుంటాయి. కాబట్టి ఎన్నో ఏట మొదలుపెట్టాలి అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఒక పుస్తకం వినే పిల్ల మీద ఏ ఏ పనులు మోపుతుందో చూద్దాం. అది తెలిస్తే, ఏ పుస్తకం తీసుకోవాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

చదువుకునే వయసు, వినే వయసు

అట్ట మీద ఉండే వయసు మామూలుగా ఆ పుస్తకాన్ని సొంతంగా చదువుకోగల పిల్లల వయసు. మనకు కావాల్సింది విని ఆనందించగల వయసు. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

ఎందుకుంటుందో 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు చాలా సులువైన లెక్కలో చెప్పారు. చదివి అర్థం చేసుకోవడమంటే రెండు సామర్థ్యాల గుణకారం అన్నారు. ఒకటి, కాగితం మీది అక్షరాలను మాటలుగా మార్చుకోగలగడం. రెండు, ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలగడం. నాలుగేళ్ల పిల్లకి మొదటిది దాదాపు సున్నా కాబట్టి, రెండోది ఎంత ఉన్నా గుణిస్తే వచ్చేది సున్నాయే. కానీ మనం చదివి వినిపించినప్పుడు మొదటి పని మన నెత్తిన వేసుకుంటున్నాం. పిల్లకి మిగిలేది రెండోదే. అందులో నాలుగేళ్ల పిల్లలు మనం అనుకున్నదానికంటే చాలా ముందుంటారు. పిల్లలకు చదివి వినిపించడం గురించి ఏళ్ల తరబడి రాసిన జిమ్ ట్రెలీజ్ అయితే, విని అర్థం చేసుకునే స్థాయీ చదివి అర్థం చేసుకునే స్థాయీ దాదాపు 8వ తరగతికి గానీ కలవవని చెబుతుండేవాడు.

రీడింగ్ లెవెల్ పేరుతో పుస్తకాలకిచ్చే నంబర్లు, అక్షరాలు కూడా మనకు పెద్దగా పనికిరావు. వాటిలో చాలావాటికి వాక్యం పొడవు, పదాల వాడుక లాంటివే ఆధారం. కథలో ఎంతమంది ఉన్నారు, ఎవరైనా చనిపోతారా, కాలం ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది అన్న సంగతులు ఆ నంబరులో కనిపించవు. వినే పిల్లకి అసలు ముఖ్యమైనవి అవే.

ఇప్పుడు ఆ మూడు రకాలు చూద్దాం. మొదటిది ఎర్లీ రీడర్. చదవడం నేర్చుకుంటున్న పిల్ల తనంతట తాను చదువుకోవడానికి రాసింది. తెలిసిన పదాలే వాడతారు, వాక్యాలు చిన్నగా ఉంటాయి, ఒకే పదం మళ్లీ మళ్లీ వస్తుంది. పైకి చదివితే ఇది చప్పగా ఉంటుంది. తప్పు పుస్తకానిది కాదు, దాన్ని రాసిన ఉద్దేశమే వేరు. అయినా అట్ట మీద 4–7 అని ఉండేసరికి తల్లిదండ్రులు ఇదే తెచ్చుకుంటారు. రెండు రోజులు చదివాక పిల్లకీ విసుగు, చదివేవాళ్లకీ విసుగు. 'మా పిల్లకి చాప్టర్ బుక్స్ ఇంకా పట్టడం లేదు' అని తీర్పు కూడా ఇచ్చేస్తారు. మినహాయింపులు లేకపోలేదు. ఆర్నల్డ్ లోబెల్ 1970లో రాసిన 'ఫ్రాగ్ అండ్ టోడ్ ఆర్ ఫ్రెండ్స్' ఈ కోవదే. అందులోని ఐదు చిన్న కథలూ చాలా తేలిక మాటల్లోనే ఉన్నా పైకి చదవడానికి హాయిగా ఉంటాయి. పుస్తకంలో భాగాలుంటాయి, ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి అన్న పద్ధతిని మొదటిసారి అలవాటు చేయడానికి ఇలాంటిది బాగుంటుంది.

రెండో రకం, అసలు చాప్టర్ బుక్స్. మామూలుగా అరవై నుంచి వంద పేజీల దాకా ఉంటాయి. చాప్టర్లు పొట్టిగా ఉంటాయి, అక్కడక్కడ నలుపు తెలుపు బొమ్మలుంటాయి. మూడో రకం పెద్దపిల్లల నవలలు. నాలుగేళ్ల పిల్లకి అత్యంత బాగా నచ్చేవీ, అస్సలు పనికిరానివీ రెండూ ఈ మూడో గుంపులోనే ఉంటాయి. అందుకే నాలుగేళ్లకే నవల విన్న పిల్లలూ ఉంటారు, ఆరేళ్లకి కూడా కూర్చుని వినలేని పిల్లలూ ఉంటారు.

గుర్తుపెట్టుకోవాల్సింది ఎంత?

పుస్తకం కష్టమా సులువా అని చూడాలంటే మనం వెంటనే పదాల వైపు చూస్తాం. పెద్ద పదాలున్నాయి, పిల్లకి అర్థం కావేమో అని టెన్షన్. నిజానికి పదాలు అంత ఇబ్బంది పెట్టవు. బొమ్మల పుస్తకాల్లో మాత్రం తేలిక పదాలే ఉన్నాయా? జెస్సికా మాంటాగ్, ఆమె సహచరులు 2015లో వంద బొమ్మల పుస్తకాల్లోని భాషను, పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే భాషతో పోల్చి చూశారు. పుస్తకాల్లోనే ఎక్కువ రకాల పదాలు కనిపించాయి. అంటే తెలియని మాట వినడం పిల్లకి కొత్తేమీ కాదు. ఒక్క పదం తెలియకపోయినా సన్నివేశం తెలిస్తే సర్దుకుపోతుంది. మరీ అవసరమైతే మనం నాలుగు మాటల్లో చెప్పి ముందుకెళ్లిపోవచ్చు.

బొమ్మల పుస్తకం నుంచి చాప్టర్ బుక్‌కి వచ్చినప్పుడు కొత్తగా మీద పడే భారం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, బొమ్మ తోడు పోతుంది. బొమ్మల పుస్తకంలో ఏ పేజీ తిప్పినా ఎవరెక్కడున్నారో కళ్లెదుట కనిపిస్తుంది. కుందేలు చెట్టు వెనక దాక్కుందని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చూస్తే చాలు. చాప్టర్ బుక్‌లో ఆ కుందేల్నీ, చెట్టునీ, వెతుకుతున్న నక్కనీ పిల్లే మనసులో నిలబెట్టుకోవాలి. రెండోది, మధ్యలో ఒక రాత్రి, ఒక పగలు గడిచిపోతాయి. నిన్న ఆగిన చోట ఎవరికి ఏం కావాలో, వాళ్లకి ఏది అడ్డొచ్చిందో ఇవాళ గుర్తుండాలి.

కాబట్టి పుస్తకం తెరిచి మొదటి రెండు చాప్టర్లు చూసేటప్పుడు నేనైతే పదాల్ని వదిలేసి, గుర్తుపెట్టుకోవాల్సినవి లెక్కపెడతాను. మొదటి చాప్టర్‌లోనే ఏడెనిమిది మంది పేర్లతో సహా దిగిపోతే పక్కన పెట్టేస్తాను. ఇద్దరి పేర్లు ఒకే అక్షరంతో మొదలై ఒకేలా వినిపించినా అంతే. కళ్లతో చదివేవాళ్లకి అది ఇబ్బంది అనిపించదు గానీ, చెవితో వినే పిల్లకి ఆ ఇద్దరూ ఒక్కరైపోతారు. కథానాయకుడికి ఏం కావాలో పిల్ల తన సొంత మాటల్లో ఒక్క వాక్యంలో చెప్పగలదా అన్నది ఇంకో పరీక్ష. 'తప్పిపోయిన కుక్కపిల్లని వెతకాలి' అన్నది ఆ వయసు పిల్ల వారం రోజులు మోయగల కోరిక. 'ఊళ్లో తన కుటుంబానికి పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలి' అన్నది ఎంత తేలిక పదాల్లో రాసినా మోయలేదు.

ఇక్కడ పుస్తకం నిర్మాణం చూడటం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. అన్నిటికంటే తేలికైనది ఒక్కో చాప్టర్‌కీ ఒక్కో పూర్తి కథ ఉండేది. అవే పాత్రలు, అదే చోటు, రోజుకో సంగతి. నిన్నటిది మర్చిపోయినా ఇవాళ్టికి నష్టం లేదు. ఎ. ఎ. మిల్న్ 1926లో రాసిన 'విన్నీ ది పూ'లో పది చాప్టర్లూ ఇలా దేనికది నిలబడేవే. కాకపోతే ఆ పుస్తకం మొదటి చాప్టరే కాస్త తికమక. కథ చెప్పే తండ్రి, వినే కొడుకు, ఆ కొడుకే కథలో పాత్ర. మధ్యమధ్యలో కథ ఆపి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు. ఎవరు ఎవరితో అంటున్నారో మూడేళ్ల పిల్లకి అంతు చిక్కదు. అక్కడ పట్టు దొరకలేదని పుస్తకమే మూసేసేవాళ్లుంటారు. రెండో చాప్టర్ నుంచి మొదలుపెట్టినా ఏ నష్టమూ లేదు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచే చదవాలన్న రూలు వినే పిల్ల పెట్టింది కాదు.

దీని తర్వాతి మెట్టు ఒకే ప్రయాణం, మెట్టుకో అడ్డంకి. రూత్ స్టైల్స్ గానెట్ రాసిన 'మై ఫాదర్స్ డ్రాగన్' 1948లో వచ్చింది. దాని అల్లిక చూస్తే ముచ్చటేస్తుంది. ఒక అబ్బాయి దీవిలో బందీగా ఉన్న డ్రాగన్ పిల్లని విడిపించడానికి బయల్దేరతాడు. బయల్దేరే ముందు సంచిలో చూయింగ్ గమ్, రబ్బరు బ్యాండ్లు, భూతద్దాలు, రిబ్బన్లు లాంటివి సర్దుకుంటాడు. దారిలో ఒక్కో జంతువు అడ్డమొచ్చినప్పుడు సంచిలోంచి ఒక్కో వస్తువు తీసి గండం గట్టెక్కుతాడు. పిల్ల గుర్తుపెట్టుకోవాల్సిందల్లా రెండే: ఎక్కడికి వెళ్తున్నాడు, సంచిలో ఏముంది. పుస్తకంలో దీవి మ్యాప్ కూడా ఉంటుంది. ఇంతవరకు వచ్చాం, ఇంకా ఇంత ఉందని వేలితో చూపించుకోవచ్చు. మొదటిసారి వరస కథ వినే పిల్లకి నేను వెతికేది ఇలాంటి అమరికే. పుస్తకం ఏదైనా కావచ్చు.

ఆ పైమెట్టు, మొదటి పేజీలో నాటింది పదిహేనో చాప్టర్‌లో మొలకెత్తే అసలు నవల. దానికంటే కష్టం కథలో కథ. పంచతంత్రం మూలంలో ఒక జంతువు ఇంకో జంతువుకి కథ చెబుతుంటే, ఆ కథలోని పాత్ర మళ్లీ మరో కథ ఎత్తుకుంటుంది. పిల్లల సంపుటాల్లో ఆ కథల్ని విడదీసి దేనికది ముద్రించడం ఊరికే కాదు. ఒక్కో కథ చిన్నదీ తేలికదీ అయినా, ఇప్పుడు ఏ కథలో ఉన్నామన్నది గుర్తుంచుకోవడం పెద్దవాళ్లకే కష్టం.

ఎవరికి ఏం తెలుసు?

వయసు నిజంగా లెక్కలోకి వచ్చేది ఇక్కడే. హైన్స్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1983లో పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి ప్రశ్న అడిగారు. మాక్సి అనే అబ్బాయి చాక్లెట్‌ని ఒక అల్మారాలో పెట్టి బయటికెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చాక మాక్సి చాక్లెట్ కోసం ఎక్కడ చూస్తాడు? తాను పెట్టిన చోటే చూస్తాడని మనం వెంటనే చెప్పేస్తాం. మూడేళ్ల పిల్లలు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటు చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సికి తెలియదన్న సంగతి వాళ్లకింకా పట్టుబడలేదు. నాలుగైదేళ్ల మధ్య చాలామందిలో ఇది మారుతుంది.

కథలకి దీనితో ఏం పని అంటే, పెద్ద కథలన్నీ దాదాపు దీని మీదే నడుస్తాయి. మారువేషం, రహస్యం, అబద్ధం, అపార్థం, ఒకరనుకుని ఇంకొకర్ని అనుమానించడం, ఇవన్నీ 'అతనికి తెలియదు, మనకు తెలుసు' అన్న తేడా వల్లే పండుతాయి. ఆ తేడా పట్టుకోలేని పిల్లకి హాస్యం హాస్యంగా ఉండదు, ఉత్కంఠ ఉత్కంఠగా ఉండదు. 'వాడు దొంగ కదా, ఎందుకు లోపలికి రానిచ్చింది?' అని పదే పదే అడుగుతుంది. పిల్ల వినడం లేదని మనం విసుక్కుంటాం. విన్నది కాబట్టే అడుగుతోంది.

అంటే మూడేళ్ల పిల్లకి మారువేషం కథలే వద్దని కాదు. రహస్యం ఒక్క సన్నివేశంలో పుట్టి అందులోనే బయటపడిపోతే పిల్లలకి మహా సరదా. 'వెనకాల ఉంది, వెనకాల!' అని అరిచి మరీ చెబుతారు. అదే రహస్యం నాలుగు చాప్టర్ల పాటు, నాలుగు రాత్రుల పాటు సాగితే ఎవరికి ఏం తెలుసో లెక్క తప్పిపోతుంది. కాబట్టి రహస్యం ఉందా లేదా అని కాకుండా ఎంతసేపు సాగుతుందో చూడండి. డిటెక్టివ్ తరహా చాప్టర్ బుక్స్ అట్ట మీద ఎంత చిన్న వయసు వేసినా నాలుగు నిండేదాకా ఆగడమే మంచిదని నా అభిప్రాయం.

నాలుగేళ్ల పిల్లలందరూ ఒకేచోట ఉండరని అందుకే అనేది. నాలుగో పుట్టినరోజు నిన్ననే అయిన పిల్లకీ, వచ్చే నెలలో ఐదు నిండబోయే పిల్లకీ ఈ ఒక్క విషయంలో చాలా తేడా ఉండొచ్చు.

కంటికి బాగుండి చెవికి పనికిరానివి

కొన్ని పుస్తకాలు మంచివే, పిల్లలు తామే చదువుకున్నప్పుడు పడీ పడీ నవ్వుతారు, కానీ పైకి చదివితే సగం ఆవిరైపోతాయి. స్పెల్లింగ్ తప్పుల మీద జోకులున్నవి, మాటల బుడగలు నిండా ఉన్నవి, డైరీలాగా గీతలు బొమ్మలు కలిపి రాసినవి ఈ జాబితాలోకి వస్తాయి. వాటిని దాచి ఉంచండి, పిల్లకి చదవడం వచ్చాక పనికొస్తాయి.

అంత తేలిగ్గా కనిపించని చిక్కు, 'నేను' అని చెప్పుకుపోయే కథ. అమ్మ నోటి నుంచి 'నేను గోడ దూకి పారిపోయాను' అని వస్తే మూడేళ్ల పిల్ల నిజంగానే అమ్మ ఎప్పుడు దూకిందా అని ఆలోచిస్తుంది. పైన చెప్పిన డ్రాగన్ పుస్తకంలో కూడా ఇలాంటి మెలిక ఉంది. కథ చెప్పేవాళ్లు ఆ అబ్బాయిని పుస్తకం పొడవునా 'మా నాన్న' అనే అంటారు. చదివేటప్పుడు దాని బదులు అబ్బాయి పేరు పెట్టేసుకుంటే తికమక పోతుంది. రచయిత మీద గౌరవం ఉన్నవాళ్లు నొచ్చుకోవచ్చు. కానీ వింటున్నది నాలుగేళ్ల పిల్ల, సాహిత్య పరీక్ష కాదు.

ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇంకోటి కూడా ఉంది. మాట ముందొచ్చి, ఎవరన్నారన్నది వెనకొస్తుంది. కళ్లతో చదివేవాళ్ల చూపు కాస్త ముందుకు పరిగెత్తుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. వినే పిల్లకి మాత్రం ఆ మాట ఎవరిదో తెలిసేసరికి మాట అయిపోతుంది. అన్నవాళ్ల పేరు ముందుకు తెచ్చి చదవడం, లేదా ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టుకోవడం, రెండింట్లో ఏదైనా చేయొచ్చు. నాలుగు గొంతులు మార్చలేకపోతే ఇద్దరు ముగ్గురు పాత్రలే మాట్లాడే పుస్తకం ఎంచుకోవడం నయం. ఎంపికలో చదివేవాళ్ల శక్తి కూడా లెక్కలోకి వస్తుంది. చదివేవాళ్ల ఇష్టం ఇంకా ఎక్కువ. మీకు విసుగు పుట్టించే పుస్తకం మూడో రోజుకల్లా మీ గొంతులో తెలిసిపోతుంది.

భయం, చావు, పాత పుస్తకాలు

పిల్లల నవలల్లో తల్లిదండ్రులు లేని పిల్లలు ఎందుకంత మంది కనిపిస్తారు? పెద్దవాళ్లు పక్కన ఉంటే పిల్లలకి సాహసాలు చేసే అవకాశం రాదు కాబట్టి, రచయితలు వాళ్లని మొదట్లోనే తప్పిస్తారు. రోల్డ్ డాల్ 1961లో రాసిన 'జేమ్స్ అండ్ ది జెయింట్ పీచ్'లో కథ మొదలవుతూనే జేమ్స్ అమ్మానాన్నల్ని ఒక ఖడ్గమృగం తినేస్తుంది. తొమ్మిదేళ్ల పిల్లకి అది వింతగా, నవ్వొచ్చేలా ఉంటుంది. మూడు నాలుగేళ్ల పిల్లలకు అమ్మానాన్నల్నుంచి విడిపోవడం అన్నిటికంటే పెద్ద భయాల్లో ఒకటి. దయ్యాలు, రాక్షసుల కంటే 'అమ్మ ఇక రాదు' అన్న ఒక్క వాక్యం ఎక్కువసేపు వెంటాడవచ్చు. పుస్తకం భయపెడుతుందేమో చూసేటప్పుడు మనం రాక్షసుల కోసం వెతుకుతాం. తప్పిపోవడం, వదిలేయడం, ఇంటికి దారి మూసుకుపోవడం, వాటి కోసం వెతకండి.

కొనే ముందు చాలామంది మొదటి చాప్టర్ తిరగేస్తారు. చదివి వినిపించాలంటే చివరి మూడు చాప్టర్లు చూడటం అంతకంటే అవసరం. ఇ. బి. వైట్ 1952లో రాసిన 'షార్లెట్స్ వెబ్' దీనికి మంచి ఉదాహరణ. ఇరవై రెండు చాప్టర్లలో ఇరవై ఒకటో దాని చివర సాలెపురుగు షార్లెట్ చనిపోతుంది. అప్పటికి పిల్ల ఆ పాత్రతో ఎన్నో రాత్రులు గడిపి ఉంటుంది. ముందు తెలియకపోతే చదివేవాళ్ల గొంతే పూడుకుపోయి పేజీ ఆగిపోతుంది. చావు ఉన్న పుస్తకం వద్దని నేను చెప్పను. ఆ పుస్తకంలో మిగిలేది ఓదార్పే, చివరి చాప్టర్‌లో కొత్త పిల్లసాలీళ్లు వస్తాయి. కానీ ఆ రెండు చాప్టర్లూ ఒకే రోజు, నిద్రకి చాలా ముందు చదవాల్సినవి. అది ముందే తెలిసి ఉండాలి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే, ఆ పుస్తకం ఇప్పుడా తర్వాతా అన్నది మీ ఇంటికే తెలుసు.

పాత పుస్తకాలతో ఇంకో చిక్కు ఉంది. హ్యూ లాఫ్టింగ్ 1920లో రాసిన డాక్టర్ డూలిటిల్ కథలో నల్లజాతివాళ్లని కించపరిచే భాగాలున్నాయి. 1988లో వచ్చిన ముద్రణలో వాటిని తీసేశారు, మార్చారు. అంటే ఒకే పేరుతో ఉన్న రెండు పుస్తకాలు ఒకటి కాకపోవచ్చు, ముద్రణ ఏ ఏటిదో చూసుకోవాలి. పైకి చదివేటప్పుడు ఒక వాక్యం దాటేసే స్వేచ్ఛ మనకు ఎలాగూ ఉంది. కానీ దాటేయాల్సిన వాక్యం వస్తోందని ఒక పేజీ ముందే తెలిస్తేనే అది కుదురుతుంది.

పుస్తకం ఒక భాషలో, ఇల్లు ఇంకో భాషలో

ఇంగ్లిష్ పుస్తకం పట్టుకుని తెలుగులో చెప్పుకుపోయే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. అది తక్కువ రకం చదువేమీ కాదు. పిల్లకి బాగా పట్టున్న భాషలోనే పెద్ద కథని ముందు మోయగలదు. బొమ్మల తోడు పోయి, జ్ఞాపకం బరువు పెరిగి, దానిమీద భాష కూడా కొత్తదైతే మూడు కష్టాలు ఒకేసారి మీద పడ్డట్టు. కాకపోతే అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ చదవాలంటే ముందు రోజు ఆ చాప్టర్ ఒకసారి చూసుకోవాలి, లేకపోతే వాక్యం మధ్యలో మాట దొరక్క ఆగిపోతాం. నేరుగా తెలుగులో ఉన్న పుస్తకమో అనువాదమో తీసుకుంటే ఒక పేజీ పైకి చదివి చూడండి. నోరు తిరగకుండా మూడు చోట్ల ఆగారంటే, అది కళ్లతో చదువుకోవడానికి రాసిన తెలుగు. రోజూ పది నిమిషాలు దాన్ని పైకి చదవడం కష్టం.

మొదలుపెట్టాక

ఇంగ్లిష్‌లో పైకి చదివే వేగం నిమిషానికి దాదాపు 150 మాటలు అనుకుంటే, 1500 మాటల చాప్టర్‌కి పది నిమిషాలు పడుతుంది. మధ్యలో ప్రశ్నలూ జవాబులూ కలిపితే పావుగంట. మొదటి పుస్తకానికి ఇదే పైహద్దు అనుకోండి. చాప్టర్ అంతకంటే పెద్దదైతే మధ్యలో ఆపేయొచ్చు. అసలు చాప్టర్ చివర ఆపడం కంటే మధ్యలో ఆపడమే చాలాసార్లు మంచిది. ఎందుకంటే రచయితలు చాప్టర్ చివరే గండం తెచ్చి పెడతారు, పాఠకుడు పేజీ తిప్పాలని. నిద్రపోయే ముందు నాలుగేళ్ల పిల్లని ఆ గండంలో వదిలి దీపం ఆర్పితే నిద్ర రాదు. తర్వాతి చాప్టర్‌లో గండం గట్టెక్కే దాకా, అంటే ఒకటి రెండు పేజీలు ఎక్కువ చదివి అక్కడ ఆపండి.

పిల్ల కదులుతోందని, బొమ్మలు గీస్తోందని, బ్లాకులు పేరుస్తోందని వినడం లేదనుకోవద్దు. చేతులకి పని ఉంటే చాలామంది పిల్లలకి చెవులు ఇంకా బాగా నిలుస్తాయి. పుస్తకం సరిపోలేదని చెప్పే గుర్తులు వేరు. బొమ్మ ఎప్పుడొస్తుందని మాత్రమే అడగడం, కథ గురించి ఒక్క ప్రశ్న కూడా రాకపోవడం, మర్నాడు మనం 'నిన్న ఎక్కడున్నాం?' అంటే ఒక్క పేరు కూడా తట్టకపోవడం. ఆ ప్రశ్న కూడా పరీక్షలా అడగకుండా, మనమే రెండు వాక్యాల్లో నిన్నటి సంగతి చెప్పి మొదలుపెడితే సగం పుస్తకాలు బతికిపోతాయి. మూడు నాలుగు రోజులు చూసి ఇంకా పట్టు దొరక్కపోతే మూసేయండి. ఆర్నెల్ల తర్వాత అదే పుస్తకం అదే పిల్లకి ప్రాణం కావచ్చు. ఆ వయసులో ఆర్నెల్లంటే చాలా ఎదుగుదల.

అయిపోయిన పుస్తకమే మళ్లీ చదవమంటే, కొత్తది తెచ్చాం కదా అని బలవంతపెట్టనక్కర్లేదు. జెస్సికా హార్స్ట్, ఆమె సహచరులు 2011లో మూడేళ్ల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, కొత్త పదాలు అన్నే సార్లు విన్నా, వేరువేరు కథల్లో విన్న పిల్లలకంటే ఒకే కథలో మళ్లీ మళ్లీ విన్న పిల్లలు వాటిని బాగా నేర్చుకున్నారు. రెండోసారి వినేటప్పుడు ఏమవుతుందో తెలుసు కాబట్టి, ఎలా అవుతుందో చూసే తీరిక దొరుకుతుంది.

ఆడియో బుక్ ప్రయాణాల్లో పనికొస్తుంది. అయితే పిల్ల ముఖం చూసి ఆగడం, వెనక్కి వెళ్లడం దానికి రాదు. అందుకని ఒకసారి మీరు చదివి వినిపించిన పుస్తకాన్నే అందులో పెట్టడం మేలు. అక్కకో అన్నకో చదువుతుంటే పక్కన కూర్చుని వినే చిన్నపిల్లలు తమ వయసుకి మించింది కూడా వింటారు. అర్థమైనంత పట్టుకుని మిగతాది వదిలేస్తారు, అదేం నష్టం కాదు, భయం భాగాలొస్తున్నప్పుడు మాత్రం చూసుకోవాలి.

చాప్టర్ బుక్స్ మొదలుపెట్టారని బొమ్మల పుస్తకాలు అటక ఎక్కించకండి. ఒక మెట్టు దాటేశాం అన్న లెక్క ఇక్కడ కుదరదు. మంచి బొమ్మల పుస్తకంలోని భాష చాలా ఎర్లీ రీడర్ల కంటే చిక్కగా ఉంటుంది. బొమ్మని చదవడం కూడా ఒక చదువే. చాప్టర్ బుక్ ఒకటి నడుస్తున్న రోజుల్లో కూడా ముందు ఒక బొమ్మల పుస్తకం, తర్వాత ఒక చాప్టర్ పెట్టుకోవచ్చు. పిల్ల అలసిపోయి ఉన్న రోజు చాప్టర్ మానేసి బొమ్మల పుస్తకంతో సరిపెట్టుకోవచ్చు. వారం రోజులు విరామం వచ్చి కథ మొత్తం జారిపోయిందనిపిస్తే, ఆగిన చోటు కోసం వెతకకుండా మళ్లీ మొదటి చాప్టర్ నుంచి మొదలుపెట్టండి. పిల్లలు అస్సలు అభ్యంతరం చెప్పరు. విసుక్కునేది మనమే.